24 వారాల దాకా మచ్చ పడని చర్మం

మీ ఎడమ భుజం ఒకసారి చూసుకోండి. మన దేశంలో పుట్టిన చాలామందికి అక్కడ బీసీజీ మచ్చ ఉంటుంది, కాస్త గుంటపడి, చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం మెరుస్తూ. పుట్టిన కొద్ది గంటలకో, మర్నాడో నర్సు వేసిన 0.05 మిల్లీలీటర్ల టీకా అది. రెండు మూడు వారాలకు చిన్న పొక్కు లేస్తుంది, పగులుతుంది, ఎండుతుంది, మానిపోతుంది, మచ్చ మాత్రం అరవై ఏళ్ళు వచ్చినా అక్కడే ఉంటుంది. అదే బిడ్డకు అదే చోట, పుట్టడానికి ఓ నాలుగైదు నెలల ముందు, తల్లి కడుపులో ఉండగా చిన్న గాటు పడి ఉంటే ఆనవాలు కూడా మిగిలేది కాదు. (బీసీజీ మామూలు గాటు కాదు, కావాలనే వాపు తెప్పించే బ్యాక్టీరియా కదా అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఆ వాపు సంగతికి కిందకి వస్తాను, అసలు కథలో సగం అదే.)

ముందు మచ్చ అంటే చర్మంలో ఏం మారినట్టో చెప్పుకోవాలి. సైకిల్ నేర్చుకునేటప్పుడు పడి చెక్కుకుపోయిన మోకాలు నాకింకా అలాగే ఉంది. ఎండాకాలం కాలంతా చెమట పట్టినా ఆ రూపాయి బిళ్ళంత మేర మాత్రం పొడిగానే ఉంటుంది. వెంట్రుక లేదు, చర్మరంధ్రం లేదు, వేలితో రాస్తే నున్నగా తగులుతుంది. అంటే అక్కడ చర్మం తిరిగి రాలేదు. ఖాళీని కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్‌తో పూడ్చేశారంతే. మామూలు చర్మంలో కొల్లాజెన్ పోగులు అన్ని దిక్కులకీ, ఒకదానిలోంచి ఒకటి అల్లుకుని ఉంటాయి. మచ్చలో అవన్నీ ఒకే దిక్కుకు, దగ్గర దగ్గరగా, లావుపాటి కట్టలుగా పడుకుంటాయి. చూడటానికి గట్టిగా కనిపిస్తుంది కానీ ఎన్నేళ్ళు గడిచినా మచ్చకి అసలు చర్మం బలంలో 80 శాతానికి మించి రాదు.

గర్భస్థ శిశువు చర్మం ఇలా పూడ్చదు. సుమారు 24వ వారం దాకా గాయం పడితే అల్లిక అల్లికలాగే తిరిగొస్తుంది, వెంట్రుక కుదుళ్ళతో సహా. 1979లోనే 20 వారాల మానవ పిండంలో ఇలా మానిన గాయాన్ని వర్ణించారు. ఎలుకల్లో, గొర్రెల్లో కూడా ఇదే తీరు. చిట్టెలుక గర్భం మూడు వారాల్లోపే కాబట్టి అక్కడ ఈ గీత 16, 18 రోజుల మధ్య ఎక్కడో ఉంటుంది, గొర్రె గర్భం ఐదు నెలలు కాబట్టి నాలుగో నెల లోపల. ఇంకో మెలిక కూడా ఉంది. గాయం పెద్దదైతే ఆ గీత ముందుకు జరుగుతుంది, అంటే చిన్న గాటుకి మచ్చ పడని వయసులోనే పెద్ద గాయానికి పడుతుంది. కాబట్టి 24 వారాలన్నది గడియారం గంట కొట్టినట్టు జరిగే వ్యవహారం కాదు.

ఈ రంగంలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. చిట్టెలుక పిండానికి మిల్లీమీటర్, రెండు మిల్లీమీటర్ల గాటు పెట్టి, మళ్ళీ గర్భాశయం కుట్టేసి, కొన్ని రోజుల తర్వాత తీసి చూస్తారు. గాయం ఎక్కడ పెట్టారో దొరకదు! మైక్రోస్కోప్ కింద పెట్టినా దొరకదు. అందుకని గాటు పెట్టేటప్పుడే అంచుల్లో కొంచెం ఇండియన్ ఇంకు వేస్తారు. తర్వాత ఆ నల్ల చుక్క చూసి, ఓహో ఇక్కడేనన్నమాట అనుకోవాలి.

ఇక కథ శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్తుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీలో మైకేల్ హారిసన్ 1981లో తల్లి గర్భాశయం తెరిచి లోపలి బిడ్డకు సర్జరీ చేశారు. మూత్రం దారి మూసుకుపోయిన కేసు. అలాంటి సర్జరీల కోసం గొర్రెల మీద, కోతుల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేస్తుంటే పుట్టిన పిల్లల ఒంటి మీద కోత గీతలు కనిపించడం లేదని సర్జన్లే గమనించారు. ఆ బృందంలో స్కాట్ ఆడ్జిక్, ఆయన పక్కన మైకేల్ లాంగేకర్ అనే కుర్ర సర్జన్ ఈ ప్రశ్నను పట్టుకున్నారు. లాంగేకర్ గురించి చిన్న పిట్టకథ: 1979లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చాంపియన్‌షిప్ గెలిచిన మిచిగన్ స్టేట్ జట్టులో ఆయన సభ్యుడు, మ్యాజిక్ జాన్సన్‌తో కలిసి ఆడిన మనిషి. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఇదే ప్రశ్న మీద పని చేస్తున్నారు.

మొదట్లో అందరి అనుమానం ఉమ్మనీటి మీదే. ఎవరికైనా ముందు అదే తడుతుంది కదా. లోపల వెచ్చగా ఉంటుంది, సూక్ష్మజీవులు ఉండవు, గాయం ఎండదు, చెక్కు కట్టదు, ఆక్సిజన్ తక్కువ, చుట్టూ వృద్ధి కారకాలు (కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్లు) నిండిన ద్రవం. ఈ పరిసరాల వల్లే మచ్చ పడటం లేదని అనుకోవడంలో తప్పు లేదు. ఇప్పటికీ ఉమ్మనీటి సారం అని చెప్పి క్రీములు అమ్మేవాళ్ళున్నారు.

దాన్ని తేల్చిన ప్రయోగం చూడండి. గొర్రె పిండంలో రోగనిరోధక వ్యవస్థ ఇంకా పరాయి కణాలను గుర్తుపట్టలేని వయసులో, తల్లి గొర్రె చర్మం ముక్క తీసి పిండం వీపు మీద అతికించారు. అది అంటుకుంది. తర్వాత ఆ అతికించిన పెద్ద చర్మం మీద ఒక గాటు, పక్కనే పిండం సొంత చర్మం మీద ఒక గాటు. రెండూ అదే ఉమ్మనీటిలో, అదే వెచ్చదనంలో, అదే రక్తంతో మానాయి. పిండం చర్మానికి మచ్చ లేదు. తల్లి చర్మానికి మచ్చ పడింది. 1994లో అచ్చయిన పని ఇది. దీనికి తిరగేసిన ప్రయోగం అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. మానవ పిండం చర్మాన్ని, పరాయి కణాలను తోసిపుచ్చలేని ఒక రకం ఎలుకల చర్మం కింద నాటి గాటు పెడితే మచ్చ లేకుండానే మానింది. చుట్టూ ఉన్నది పెద్ద ఎలుక శరీరం, ఉమ్మనీరు చుక్క లేదు. ఇవి చాలవంటే ఒపోసమ్ అనే సంచి జంతువు ఉంది, దాని పిల్లలు పూర్తిగా ఎదగకుండానే పుట్టేసి తల్లి ఒంటిని కరుచుకుని పెరుగుతాయి. అవి బయటికొచ్చాక కూడా కొన్నాళ్ళ పాటు మచ్చ లేకుండానే మానుతాయి. కాబట్టి గుట్టు నీళ్ళల్లో లేదు, చర్మంలోనే ఉంది.

చర్మంలో ఎక్కడ అంటే, ఏ మెట్టు దగ్గర చూసినా తేడా కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. పెద్దవాళ్ళ గాయంలో అంచున ఉన్న పైపొర కణాలు పాదాల్లాంటివి చాచుకుని, చెక్కు కింద నుంచి పాకుతూ వచ్చి కలుస్తాయి. తొలి దశ పిండంలో అలా పాకవు. 1992లో పాల్ మార్టిన్, జూలియన్ లూయిస్ కోడి పిండం రెక్క మొగ్గ మీద గాటు పెట్టి చూశారు. గాయం చుట్టూ అంచు కణాలన్నిటి లోపలా యాక్టిన్ అనే ప్రోటీన్ పోగు ఒకటి, కణం నుంచి కణానికి అతుక్కుని, గుండ్రంగా తయారై, సంచి మూతి తాడు లాగినట్టు గాయాన్ని బిగించేసింది. అయితే ఇది గాయం ఎలా మూసుకుంటుందో చెబుతుంది గానీ కింద కొల్లాజెన్ ఎలా పరుచుకుంటుందో చెప్పదు. మచ్చ పుట్టేది ఆ కింది పొరలోనే.

తర్వాతి మెట్టు రక్తం, వాపు. గాయం కాగానే ప్లేట్‌లెట్లు వచ్చి గడ్డకడతాయి, తమలో దాచుకున్న రసాయనాలను వదులుతాయి. వాటిలో ముఖ్యమైనది టీజీఎఫ్-బీటా 1. కొల్లాజెన్ పోయండి, కొల్లాజెన్ పోయండి అని కణాలను ఉసిగొల్పేది అదే. పిండం ప్లేట్‌లెట్లు అంత సులువుగా గుంపుకట్టవు, దాన్ని వదలడమూ తక్కువే. వాటి వెనకాల రావలసిన న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు కూడా పలచగానే వస్తాయి, వచ్చినా ఎక్కువసేపు ఉండవు. కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్లలో వాపును పెంచే ఐఎల్-6 తక్కువ, వాపును అణిచే ఐఎల్-10 ఎక్కువ. 2000లో ఆడ్జిక్ బృందం దీన్ని రెండు వైపుల నుంచీ పరీక్షించింది. ఐఎల్-10 జన్యువు లేని ఎలుక పిండం చర్మానికి మచ్చ పడింది. మామూలు పిండం చర్మంలోనే గాయానికి ఐఎల్-6 కలిపితే అప్పుడూ పడింది.

దీనికి తోడు 2003లో పాల్ మార్టిన్ వాళ్ళు ఇంకా మొండి ప్రయోగం చేశారు. పీయూ.1 అనే జన్యువు తీసేస్తే ఎలుక పిల్లకు మాక్రోఫేజ్‌లు ఉండవు, సరైన న్యూట్రోఫిల్స్ ఉండవు. అవి లేకపోతే గాయం మానదని అప్పటిదాకా పాఠ్యపుస్తకాల మాట. అప్పుడే పుట్టిన ఆ పిల్లల గాయాలు మామూలు వేగంతోనే మానాయి, పైగా పిండంలో లాగా మచ్చ లేకుండా. కాకపోతే ఆ పిల్లలు యాంటీబయాటిక్స్ లేకపోతే ఒకటి రెండు రోజుల్లో ఇన్ఫెక్షన్‌తో చనిపోతాయి. శరీరం మచ్చకి ఎందుకు ఒప్పుకుంటోందో ఇక్కడే తెలిసిపోతుందని నాకనిపిస్తుంది. మట్టిలో, పేడలో, ముళ్ళల్లో తిరిగే జంతువుకి గాయం అందంగా మానడం కంటే త్వరగా మూసుకోవడం, లోపల దూరిన క్రిములు చావడం ముఖ్యం. కడుపులో ఉన్న పిండానికి ఆ హడావిడి లేదు.

ఇక కణాల మధ్య ఉండే పదార్థం. పిండం గాయంలో హైలురోనిక్ ఆసిడ్ పొడవాటి గొలుసులుగా, ఎక్కువగా, ఎక్కువ రోజులు ఉంటుంది. పెద్దవాళ్ళలో అది త్వరగా తగ్గిపోతుంది, ముక్కలవుతుంది, ఆ చిన్న ముక్కలు తిరిగి వాపునే ఎగదోస్తాయి. కొల్లాజెన్‌లో కూడా పిండం వాటా వేరు, సన్నటి మూడో రకం ఎక్కువ, లావుపాటి ఒకటో రకం తక్కువ. (ఇప్పుడు ప్రతి ఫేస్ సీరమ్ డబ్బా మీదా హైలురోనిక్ ఆసిడ్ అని రాసి ఉంటోంది. చర్మం పైన తేమ పట్టి ఉంచడానికి బాగానే పనికొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు.)

టీజీఎఫ్-బీటా దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు అక్కడే పోయింది. ఈ ప్రోటీన్‌కి మనలో మూడు రూపాలున్నాయి. పిండం గాయంలో 1, 2 తక్కువ, 3 ఎక్కువ. మాంచెస్టర్‌లో మార్క్ ఫెర్గుసన్ మొదట్లో మొసలి జాతి ఎలిగేటర్ పిండాల్లో అంగిలి ఎలా ఏర్పడుతుందో చదివేవారు, వాటి గాయాలు మచ్చ లేకుండా మానడం చూసి ఇటు మళ్ళారు. ఆయన బృందం 1990లలో పెద్ద ఎలుకల గాయాల్లో 1, 2 రూపాలను యాంటీబాడీలతో అడ్డుకుని, ఇంకొన్నింటికి బయటి నుంచి 3ను ఇచ్చి, మచ్చ తగ్గుతోందని చూపించింది. ఎంత చక్కగా ఉందో చూడండి, పిండంలో ఉన్న నిష్పత్తిని పెద్దవాళ్ళ గాయంలో తెచ్చిపెట్టు, పని అయిపోయింది! ఆ లెక్క మీద రెనోవో అనే కంపెనీ వచ్చింది, జువిస్టా పేరుతో టీజీఎఫ్-బీటా 3 ఇంజెక్షన్ వచ్చింది. మనుషుల మీద తొలి దశ ఫలితాలు 2009లో లాన్సెట్‌లో వచ్చాయి, ఆశాజనకంగానే ఉన్నాయి. 2011 ఫిబ్రవరిలో మూడో దశ ట్రయల్ ఫెయిలైంది. మందు వేసిన మచ్చకీ వేయని మచ్చకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కంపెనీ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు.

ఫెర్గుసన్ సైన్స్ తప్పని నేననను. ఎలుకల్లో ఆయన చూసింది నిజమే. కానీ ఒక రసాయనం మోతాదు తగ్గించి ఇంకోదానిది పెంచితే, ఆ మాట వినే కణం కూడా పిండం కణంలాగే ప్రవర్తిస్తుందన్న నమ్మకం ఉంది చూశారా, అదే నాకు మింగుడుపడదు. గొర్రె ప్రయోగం 1994లోనే చెప్పేసింది కదా, చుట్టూ పిండం రసాయనాలన్నీ ఉన్నా పెద్ద చర్మం తన పద్ధతి మార్చుకోలేదని. మాట అదే, వినేవాడు వేరు. మరి వినేవాడెవడు?

వాడు ఫైబ్రోబ్లాస్ట్. చర్మం కింది పొరలో కొల్లాజెన్ తయారుచేసే కణం. చాలాకాలం వీటన్నిటినీ ఒకే జాతి అనుకున్నారు. 2015లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని లాంగేకర్, ఇర్వింగ్ వైస్‌మన్ ల్యాబుల నుంచి యువాల్ రింకెవిచ్ మొదటి పేరుగా ఒక పేపర్ వచ్చింది. ఎలుక వీపు చర్మంలో రెండు వంశాల ఫైబ్రోబ్లాస్ట్‌లు ఉన్నాయి. పిండంగా ఉన్నప్పుడు ఎప్పుడో ఎన్‌గ్రెయిల్డ్-1 అనే జన్యువును ఒకసారి వెలిగించిన కణాల సంతతి ఒకటి, ఎన్నడూ వెలిగించనివి రెండోది. మచ్చలో కొల్లాజెన్ దాదాపు అంతా మొదటి వంశానిదే. పిండం చిన్నదిగా ఉన్నప్పుడు ఈ వంశం కణాలు లెక్కకు రానంత తక్కువ, రోజులు నిండే కొద్దీ పెరుగుతూ వచ్చి చర్మమంతా వాళ్ళదే అవుతుంది. 2018లో అదే రింకెవిచ్ వేరే బృందంతో ఈ మార్పిడినే దగ్గర నుంచి చూపించారు, రెండో వంశం తగ్గుతూ మొదటిది ఆక్రమించే కాలమూ, చర్మం మచ్చ పడే దశలోకి అడుగుపెట్టే కాలమూ ఒకటేనని.

అదే 2015 పేపర్‌లో ఇంకో పని నాకు భలే నచ్చింది. నోటి లోపలి గాయాలు పెద్దగా మచ్చ పడవని మనందరికీ అనుభవమే, బుగ్గ కొరుక్కున్న చోట కొద్ది రోజులకి ఏమీ ఉండదు. వీపు ఫైబ్రోబ్లాస్ట్‌లు తీసి నోట్లో నాటితే అక్కడా మచ్చలాంటి కొల్లాజెన్ పోశాయి, నోటివి తీసుకెళ్ళి వీపులో పెడితే పోయలేదు. కణం ఎక్కడికెళ్ళినా తన బుద్ధి తనదే. ఈ మచ్చ వంశం కణాల ఒంటి మీద డీపీపీ4 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది, దాన్ని అడ్డుకుంటే ఎలుకల్లో మచ్చ తగ్గింది. ఆ పేరు ఎక్కడో విన్నట్టుందా? ఇంట్లో షుగర్ మాత్రల షీట్ తీసి చూడండి, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, ఆ గ్లిప్టిన్ తోక ఉన్నవన్నీ అడ్డుకునేది దీన్నే. అలాగని నాన్నగారి మాత్ర పొడిచేసి గాయం మీద చల్లకండి, ఆ మందు పని వేరు.

2021లో వచ్చిన పేపర్ ఇంకో మెట్టు ఎక్కింది. ఎన్‌గ్రెయిల్డ్ వెలగని వంశంలోని కొన్ని కణాలు పెద్దయ్యాక గాయంలో చర్మం లాగుడుకి గురైతే అప్పటికప్పుడు దాన్ని వెలిగించుకుని మచ్చ కణాలైపోతాయట. ఆ లాగుడు కబురును కణం కేంద్రకానికి మోసేది యాప్ అనే ప్రోటీన్. కంటి రెటీనా జబ్బుకి ఎప్పటినుంచో వాడుకలో ఉన్న వెర్టెపోర్ఫిన్ అనే మందు యాప్‌ని అడ్డుకుంటుంది. దాన్ని గాయం అంచుల్లో ఎక్కిస్తే నెల రోజులకి ఎలుక వీపు మీద వెంట్రుకలు మొలిచాయి, గ్రంథులు వచ్చాయి, కొల్లాజెన్ అల్లిక తిరిగొచ్చింది, బలం కూడా దాదాపు మామూలు చర్మమంత. నిజానికి లాగుడు మచ్చను పెంచుతుందని సర్జన్లకు ఎప్పటినుంచో తెలుసు, ఛాతీ మధ్యా, భుజాల మీదా మచ్చలు ఎందుకు లావెక్కుతాయో, కుట్ల మీద టేపు ఎందుకు వేస్తారో అందుకే. పిండం చర్మమేమో మెత్తగా, లాగుడు తక్కువగా ఉంటుంది. ఈ దారి నాకు టీజీఎఫ్ దారి కంటే నమ్మకంగా అనిపిస్తుంది, కారణం ఇది కణం స్వభావాన్నే పట్టుకుంటోంది.

అయినా ఎలుకను చూసి మురిసిపోవడానికి లేదు. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, కింద ఒక పల్చటి కండరం పొర గాయాన్ని దగ్గరకు లాగేస్తుంది, మనకి ఒంటి మీద అలాంటి పొర దాదాపు లేదు. ఎన్‌గ్రెయిల్డ్ కూడా ఎలుక వీపు చర్మానికి పనికొచ్చే గుర్తు, ముఖానికీ పొట్టకీ వర్తించదు. మన చర్మానికి దగ్గరగా ఉండేది పంది చర్మం. అదే 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు పందుల గాయాల మీద, లాగుడు కబురును ఇంకా ముందే అందుకునే ఎఫ్‌ఏకే అనే ప్రోటీన్‌ని అడ్డుకునే మందు పెట్టి చూస్తే గాయాలు త్వరగా, తక్కువ మచ్చతో మానాయి.

ఇంతలో మన ఇళ్ళల్లో మచ్చల గోల మనకుంది. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం నూటికి 60 పైగా కాన్పులు సిజేరియన్లే, ఆ తల్లుల పొట్టల మీద గీత అలాగే ఉంది, కొందరికి అది ఎత్తుగా లేచి దురద పెడుతుంది. నల్లటి, చామనఛాయ చర్మాల్లో కెలాయిడ్ (గాయం హద్దు దాటి గడ్డలా పెరిగే మచ్చ) ఎక్కువ. మా మేనకోడలు చెవికి రెండో పోగు కుట్టించుకుంది, ఆరు నెలలు తిరిగేసరికి వెనకాల శనగగింజంత గడ్డ, తర్వాత ఇంకా పెద్దదైంది. ఎవరో చెప్పారని స్టెమ్ సెల్ అని రాసి ఉన్న క్రీము ఒకటి, నాలుగంకెల ధర పెట్టి తెప్పించుకుంది. ట్యూబు మీద పదార్థాల జాబితా చదివితే గ్లిజరిన్, సిలికాన్, ఏదో మొక్క సారం. సిలికాన్‌కైతే కాస్త ఆధారం ఉంది, అది మందుల షాపులో షీటుగా చవగ్గానే దొరుకుతుంది. ఇప్పుడు చర్మం డాక్టర్ గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తున్నారు, మెత్తబడుతోంది. రెండో చెవికి కూడా కుట్టించుకుంటానంటే మాత్రం నేనూ డాక్టరూ ఒకే మాట చెప్పాం, వద్దని.